క్రౌంచ సారసములు: ఒక పరిశీలనము

వాల్మీకి రామాయణ బాలకాండమున నిషాదుని బాణమునకు గూలిన క్రౌంచమునకు 'కొంగ' యని యర్థము చెప్పుట మనలో కద్దు. ఈ వాడుకకు భౌగోళికమైన కారణము కలదు. సారసముల నివాసమునకు దక్షిణపు టెల్లగా పక్షిశాస్త్రజ్ఞులు గోదావరిని పేర్కొనిరి. కృష్ణా డెల్టా యా యెల్లకు వెలుపలిది. విజయవాడ చుట్టునుగల కాలువ గట్లపైనను, వరిచేలలోను, కొల్లేటిలోను మనము చూచునవి కొంగలే. ఎఱుగని పక్షికి ఎఱిగిన పక్షి పేరు పెట్టుట సహజము. 1758లో లిన్నేయసు సైతము క్రౌంచ సారసములను రెంటిని కొంగల ప్రజాతియందే చేర్చెను.

తెల్లకొంగ, నారాయణపక్షి మెడ మడచి యెగురును. క్రౌంచ సారసములు మెడ చాచి యెగురును. ఈ రెండును ఒకే కుటుంబమునకు జెందినను వీనికి భేదము స్పష్టము. సారసము దాదాపు ఆఱడుగుల యెత్తు పెరుగును; దాని తలయు మెడ పైభాగమును ఎఱ్ఱన. అది గంగామైదానమున స్థిరముగ నుండి, ప్రధానముగ వర్షర్తువున నీటి పట్టుల గూడు కట్టును. క్రౌంచమని పలువురు గుర్తించు బూడిదవన్నె పక్షి యంతకంటె చిన్నది. దాని నడినెత్తిపై మాత్రమే కొలదిపాటి ఎఱుపు కలదు. అది ఐరోపా, సైబీరియా ప్రాంతముల పిల్లలను పెట్టి, శీతకాలమున మాత్రమే మన దేశమునకు వచ్చును.

ప్రచారముననున్న రామాయణ పాఠమున ఆ మగపక్షి శిరస్సు తామ్రవర్ణముగ వర్ణితము; ఆ జంట తమసాతీరమున రతిక్రీడయందుండెను. ఈ రెండు లక్షణములును సారసమునకే చక్కగ పొసగును. 1998లో జూలియా లెస్లీ యను విదుషియు ఆ పక్షి సారసమేయని విపులముగ వాదించెను.

అమరసింహుడు క్రౌంచమును, బకమును, సారసమును వేర్వేఱుగ చెప్పెను గదా యని యాక్షేపింపవచ్చును. నిఘంటుకారుని విభాగము ఆదికవి నాటి వ్యవహారమును బంధింపదు. నాడు క్రౌంచ శబ్దము ఈ కుటుంబమునకెల్ల సామాన్యనామమై యుండెనని మా యభిప్రాయము. అమరుని విభాగమునే యంగీకరించినను, అందు బకము వేఱు. కావున క్రౌంచము కొంగ కానేరదు.

ఇది కేవలము పేరు గూర్చిన వివాదము కాదు. తెలుగున 'కొంగజప' మనగా కపటము. సారసములు సాధారణముగ జీవితాంతము జంటగ నుండునవి. జత కలిసి యొక్క గొంతుగ కూయునవి. శోకము శ్లోకమైన ఘట్టమున కొంగను నిలిపినచో ఆ కరుణకు హాని కలుగును. బోధకులు 'క్రౌంచ' పదమునట్లే యుంచి, సారసజాతి పక్షియని వివరించుట యుచితము.