బస్తా మోత (సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం)

మార్కెట్ యార్డుల్లో, రైస్ మిల్లుల్లో, గోదాముల్లో హమాలీలు ధాన్యం, బియ్యం, సిమెంటు బస్తాలను ఎత్తి, మోసి, లాట్లుగా పేర్చే పని. వెయిట్‌లిఫ్టింగ్‌లో వెన్ను, తుంటి, మోకాళ్ల మీద పడే బలాలే ఇందులోనూ పడతాయి. అయినా బయోమెకానిక్స్ రచనల్లో క్రీడాకారుడికి దక్కినంత చోటు హమాలీకి దక్కలేదు.

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి విస్తరించింది, మిర్యాలగూడ చుట్టూ మిల్లులు వెలిశాయి. ఆసియాలోకెల్లా పెద్ద మిల్లుల కేంద్రం ఇదేనని స్థానికంగా చెప్పుకుంటారు. దేశంలోని పెద్ద కేంద్రాల్లో ఒకటి అనడమే నిలిచే మాట. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు–విజయవాడ రహదారి మీదివి. వాటికి రైలు లేదు కనుక సరుకంతా లారీలకే ఎక్కాలి. మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల ఎగుమతి దీనికి అదనం.

బస్తా బరువు కాలంతో తగ్గుతూ వచ్చింది. క్వింటాల్ గోనె సంచి, 75 కిలోల ధాన్యం బస్తా పాత తరానికి మామూలే. ఏ సరుకుకు ఎప్పుడు తగ్గిందన్న దానిపై కథనాలు కలవవు. ఇప్పుడు సిమెంటు, గోదాము బియ్యం బస్తా 50 కిలోలు, కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం బస్తా సుమారు 40. గాయం చేసేంత బరువు ఎత్తించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పింది. సాగర్ నీళ్లు వచ్చిన 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ వయోజన పురుషుడికి 55 కిలోలను గరిష్ఠంగా సిఫారసు చేసింది. ఈ అంకె ఒక్కటే చూస్తే 50 కిలోల బస్తా నిరపాయంగా కనిపిస్తుంది. నడుము లెక్క వేరు.

వంగి బరువెత్తేటప్పుడు నడుము అడుగు భాగం అసమాన కాటాలా పనిచేస్తుంది. ఒక వైపు బస్తా, రెండో వైపు వెన్ను కండరాలు. ఆ కండరాలు వెన్నుపూసలకు దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. 50 కిలోల బస్తా మధ్యభాగం వెన్నుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దాన్ని నిలపడానికి కండరాలు 400 కిలోల బలంతో లాగాలి. 20 సెంటీమీటర్లకు దగ్గర చేస్తే 200 చాలు. దీనికి తోడు బస్తా బరువు, నడుముకు పైనున్న శరీరం బరువు ఉండనే ఉన్నాయి. వెన్ను డిస్కు మీద ఒత్తిడి సుమారు 350 కిలోలు (3,400 న్యూటన్లు) దాటితే ప్రమాదం పెరుగుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ అంచనా.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. అంత బరువు సాధ్యం కావడంలో శిక్షణతో పాటు ఇనుప కడ్డీ సన్నదనానికీ భాగముంది. దాన్ని కాలి ఎముకకు ఆనుకునేలా పైకి లాగవచ్చు. బస్తాకు ఆ వీలు లేదు. ఒంటికి హత్తుకున్నా దాని లావు సగం మేర బరువును దూరంగానే ఉంచుతుంది. పిడి ఉండదు, లోపల గింజ జరుగుతుంది. అందుకే ఇద్దరు ఎత్తి మూడోవాడి వీపుకెక్కించే హమాలీల పద్ధతి శాస్త్రీయంగా సబబే. వీపు మీద బరువు వెన్ను నిలువుకు దగ్గరగా పడుతుంది, మెడకు మాత్రం భారం. ప్రమాదం ఎక్కువగా నేలమీంచి లేపేటప్పుడు, నడుము మెలితిప్పి లాటు మీదికి విసిరేటప్పుడు.

నడుము వంచకుండా మోకాళ్లు మడిచి ఎత్తాలన్నది చిరకాల బోధన. 1999లో వాన్ డీన్ బృందం పాత పరిశోధనలను సమీక్షించి, ఆ పద్ధతే మేలనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. ఎత్తే మెళకువలు నేర్పినంత మాత్రాన నడుం నొప్పి తగ్గదని 2008 నాటి మరో సమీక్ష చెప్పింది. గాయం లేనివారికి నడుం పట్టీ వాడమని నయోష్ సిఫారసు చేయదు. ఈ వ్యాసకర్త మొగ్గు కూడా ఇటే: పనివాడి వంపును సరిదిద్దడం కన్నా బస్తాను తేలిక చేయడం, ఎత్తే చోటును నేలమీంచి తుంటి ఎత్తుకు తేవడం ముందు జరగాలి.

విశ్రాంతి సంగతీ ఉంది. క్రీడాకారుడు వారాల తరబడి బరువు పెంచుకుంటూ పోతాడు, మధ్యలో ఆగుతాడు. వానకాలం, యాసంగి పంటలు యార్డుకొచ్చినప్పుడు హమాలీ మీద మోత ఒక్కసారిగా పడుతుంది. కూలి బస్తాకింత అని ఉన్నచోట ఆగితే ఆదాయం పోతుంది. సీజన్ మొదటి వారంలో మనుషులను పెంచి మోత పంచడం యజమానులు చేయగల పని.

మిల్లుల్లోపల ఎలివేటర్లు, కన్వేయర్లు కొంత మోతను తప్పించాయి. లారీ ఎగుమతిలో ఇంకా మనిషి వీపే ఆధారం. నయోష్ 1991 సూత్రం ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. దుకాణాల్లోని 26 కిలోల బియ్యం సంచి దానికి చేరువలో ఉంది. అయితే అది వచ్చింది నడుము కోసం కాదు, 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగుపై పడిన 5 శాతం జీఎస్టీని తప్పించుకోవడానికి.