గూగుల్‌కి కనపడని తెలుగు: పద్మ అనే యాడ్‌ఆన్ కథ

ఈ ఎపిసోడ్ మా మాచర్ల బాబాయ్ పెట్టిన చీవాట్లతో మొదలుపెడతా.

పల్నాటి యుద్ధం మీద, కారంపూడి వీర్ల గుడి మీద ఆయన ఏళ్ల తరబడి వ్యాసాలు రాసుకున్నారు. అన్నీ నరసరావుపేటలో డీటీపీ చేయించినవే. "సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశావు కదా, వీటిని ఇంటర్నెట్‌లో పెట్టరా" అన్నారు. ఒక ఫ్రీ టెంప్లేట్ తీసుకుని, డీటీపీ ఫైల్లోంచి కాపీ పేస్ట్ చేసి, ఆ ఫాంట్ కూడా సైట్‌కి తగిలించా. చూడ్డానికి సూపర్‌గా ఉంది. బ్రౌజర్‌లో ఎస్‌ఈఓ యాడ్‌ఆన్ వేసి చూస్తే టైటిల్ పొడవు, ఫొటోల వివరణ, అన్నిటికీ పచ్చ టిక్కులే.

కార్తీక అమావాస్యకి కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలయ్యాయి. ఇప్పుడు జనం వెతుకుతారు, మన సైట్‌కి వస్తారు అనుకున్నా. ఎవరూ రాలేదు. బాబాయ్ ఫోన్ చేసి, "ఏరా, వీర్ల గుడి అని కొడితే ఎవరెవరివో వస్తున్నాయి, మనది రావట్లేదు. ఇదేనా నీ బీటెక్?" అన్నారు.

అప్పుడు పేజీ సోర్స్ తెరిచి చూశా. ఒక్క తెలుగు అక్షరం లేదు! అన్నీ అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, కొటేషన్ గుర్తులు. గూగుల్ చదివింది అదే.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. కంప్యూటర్‌కి అక్షరాలు తెలీవు, నంబర్లే తెలుసు. ఇంగ్లిష్ పెద్ద ‘ఎ’ అంటే 65. మరి తెలుగుకి? 1990లలో డీటీపీ ఫాంట్లు ఒక ఉపాయం చేశాయి. ఇంగ్లిష్ అక్షరాల నంబర్లనే వాడుకుని, వాటి బొమ్మల స్థానంలో మన తలకట్లు, గుడులు, ఒత్తులు పెట్టాయి. లోపల ఇంగ్లిష్, పైకి తెలుగు. ప్రింట్ తీసుకోవడానికి అది చాలు, పేపర్ మీద ఎవరూ సెర్చ్ చేయరు కదా.

తెలుగు పేపర్లు వెబ్‌లోకి వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. ఈనాడుకి ఒక ఫాంట్, వార్తకి ఇంకో ఫాంట్. ఒక దాంట్లో ‘క’కి ఉన్న నంబర్ ఇంకో దాంట్లో ఉండాలని రూలేం లేదు.

నిజానికి పరిష్కారం అప్పటికే ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి సొంత నంబర్లిచ్చారు. అందులో ‘అ’ 3077, ‘క’ 3093. ఏ ఫాంట్ వాడినా, ఏ దేశంలో తెరిచినా అంతే. కానీ మామూలు కంప్యూటర్లో అది సరిగ్గా కనపడాలిగా! 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో వచ్చాక దారి తెరుచుకుంది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా యూనికోడ్‌లోనే మొదలైంది.

మరి పాత ఫాంట్లలో ఉన్న పేజీల సంగతి? ఇక్కడే మన హీరో వస్తాడు. వెన్న నాగార్జున అనే తెలుగు ప్రోగ్రామర్ ఫైర్‌ఫాక్స్ కోసం ‘పద్మ’ అనే యాడ్‌ఆన్ రాశారు. పేపర్ సైట్ తెరవగానే ఆ ఫాంట్ నంబర్లని యూనికోడ్ నంబర్లుగా మార్చి చూపించేది. ఫాంట్ లేకపోయినా వార్త చదవొచ్చు, కాపీ చేసి ఫ్రెండ్‌కి పంపొచ్చు. అదే పద్మ కోడ్ ఆధారంగా 2006లో వీవెన్ ‘లేఖిని’ చేశారు. ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు టైప్ చేసే ఆ పేజీతోనే ఎంతోమంది నెట్‌లో తెలుగు రాయడం మొదలుపెట్టారు.

కానీ ఒక్క విషయం గమనించండి. పద్మ పనిచేసింది చదివేవాడి కంప్యూటర్లో. అది కళ్లజోడు లాంటిది. మనం పెట్టుకుంటే మనకి బాగా కనపడుతుంది, అవతల పుస్తకంలో అక్షరం మారదు. గూగుల్ రోబో మన యాడ్‌ఆన్లు వేసుకుని తిరగదు. అందుకే అప్పటి పేజీలు నెట్‌లో ఉండి కూడా తెలుగులో వెతికితే దొరకలేదు. పైగా కళ్లజోడు కూడా శాశ్వతం కాదు. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతి యాడ్‌ఆన్లన్నీ ఆగిపోయాయి.

నా తప్పూ అదే. టెంప్లేట్ అంటే ఇంటికి సున్నం, ఎస్‌ఈఓ యాడ్‌ఆన్ అంటే కొలిచే టేపు. రెండూ అవసరమే, కాదనను. కానీ అక్షరమే తెలుగు కానప్పుడు పచ్చ టిక్కులు ఏం చేస్తాయి?

చివరికి వ్యాసాలన్నీ కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చా. కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి. నేను చదువుతుంటే బాబాయ్ ఫోన్‌లో వింటూ దిద్దించారు, నాలుగు రాత్రులు పట్టింది. టెంప్లేట్‌లో ‘హోమ్’ అని వదిలేసిన టైటిళ్లు కూడా తెలుగులో పెట్టి, సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ ఇచ్చా. కొన్ని వారాలకి మన పేజీ కనపడింది. మొదటి స్థానంలో కాదులెండి, కింద ఎక్కడో! అయినా బాబాయ్ స్క్రీన్‌షాట్ తీసి చుట్టాలందరికీ పంపారు.

మీరూ ఒక పని చేయండి. మీ షాపు సైటో, మీ ఊరి గుడి సైటో ఫోన్‌లో తెరిచి, ఒక తెలుగు మాట మీద వేలు నొక్కి పట్టుకుని కాపీ చేయండి. వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే ఓకే. పిచ్చి గుర్తులొస్తే గూగుల్‌కీ అవే కనపడుతున్నాయి. అసలు సెలెక్టే కాకపోతే, బహుశా అది అక్షరం కాదు, ఫొటో.

మన ఊళ్లలో డీటీపీ సెంటర్ల పాత కంప్యూటర్లలో ఎన్ని స్థలపురాణాలు, ఎన్ని ఊరి చరిత్రలు ఇలా ఇరుక్కుపోయి ఉన్నాయో! ఆ హార్డ్‌డిస్క్ పోయేలోపు ఒక్కటైనా యూనికోడ్‌లోకి తెద్దాం. మీ ఊరి పేరు కామెంట్‌లో పెట్టండి, తెలుగులోనే టైప్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!