డింగిల్ పబ్బులు

డింగిల్ పబ్బులు ఐర్లండు దేశపు నైఋతి కొసన, కెర్రీ కౌంటీలోని డింగిల్ అనే రేవు పట్టణంలో ఉన్న సంప్రదాయ పానశాలలు. పబ్బు అనేది "పబ్లిక్ హౌస్" అనే మాటకు కుదింపు. నలుగురూ వచ్చి కూర్చొని తాగేందుకు ప్రభుత్వం నుండి లైసెన్సు పొందిన ఇల్లు అని దీని అర్థం. డింగిల్ లోని పాత పబ్బులలో కొన్ని ఇప్పటికీ సగం దుకాణాలే. ఒకే గదిలో ఒక గోడవైపు ఇనుప సామాను గాని, తోలు వస్తువులు గాని, బట్టలు గాని అమ్ముతూ, రెండవ గోడవైపు బీరు, విస్కీ పోస్తారు. ఐర్లండు పల్లెలలో ఒకప్పుడు సర్వసాధారణంగా ఉండిన ఈ ఏర్పాటు నేడు కొద్ది చోట్ల మాత్రమే మిగిలింది. వాటిలో డింగిల్ ఒకటి.

హైదరాబాదు వంటి నగరాలలో పబ్బు అనగానే చీకటి గది, పెద్ద శబ్దంతో పాటలు, నాట్యం గుర్తుకు వస్తాయి. ఐరిష్ పబ్బుకు దానితో పోలిక తక్కువ. ఇది పగలే తెరిచి ఉంటుంది. వృద్ధులు ఒక మూల కూర్చొని పత్రిక చదువుకుంటారు, కొందరు టీ మాత్రమే తాగి వెళతారు. పెద్దల వెంట వచ్చిన పిల్లలను రాత్రి 9 గంటల వరకు (మే నుండి సెప్టెంబరు వరకు 10 గంటల వరకు) లోపల ఉండనిస్తారు. మన ఊళ్ళలో రచ్చబండకు ఉన్న పాత్రలో కొంత భాగం అక్కడ పబ్బుకు ఉన్నదని చెప్పవచ్చు.

పట్టణం

డింగిల్ పట్టణం అట్లాంటిక్ సముద్రంలోకి చొచ్చుకొని పోయిన ఒక ద్వీపకల్పంపై ఉన్నది. 2016 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 2,050. చేపల వేట, పశువుల పెంపకం పాత జీవనాధారాలు కాగా, ఇప్పుడు పర్యాటకం ప్రధాన ఆదాయ వనరు. ట్రలీ పట్టణం నుండి ఇక్కడికి 1891లో ప్రారంభమైన చిన్న రైలు మార్గం 1953లో మూతపడింది. నేడు రోడ్డు మార్గమే దిక్కు.

ఈ ప్రాంతం ఐరిష్ భాష వాడుకలో ఉన్న "గేల్టాఖ్ట్" మండలంలోనిది. కనుక ప్రభుత్వం 2005లో పట్టణపు ఆంగ్ల నామాన్ని తొలగించి "అన్ డైంగ్యన్" అనే ఐరిష్ పేరును మాత్రమే అధికారికం చేసింది. భాషాభిమానం ఉన్న ఊరే అయినా ప్రజలు దీనిని అంగీకరించలేదు. 2006లో జరిగిన ఓటింగులో అత్యధికులు రెండు భాషల పేర్లూ ఉండాలని కోరారు. ఆ కోరిక చట్టరూపం దాల్చడానికి 2011 వరకు పట్టింది. ఇన్నేళ్ళ వాదోపవాదాలలో ఎంత భాగం పబ్బులలో జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

సంవత్సరంలో వారానికి ఒకటి చొప్పున ఈ ఊరిలో 52 పబ్బులు ఉండేవని ఒక మాట ప్రచారంలో ఉన్నది. లెక్కకంటే దీనిని నానుడిగా తీసుకోవడమే మేలు. అయినా ఇంత చిన్న ఊరికి పబ్బుల సంఖ్య ఎక్కువే. అవి మెయిన్ స్ట్రీట్, గ్రీన్ స్ట్రీట్, బ్రిడ్జ్ స్ట్రీట్, రేవు పక్కనే ఉన్న స్ట్రాండ్ స్ట్రీట్ లలో రంగురంగుల ఇళ్ళ నడుమ ఉంటాయి. చాలా పబ్బులకు యజమాని కుటుంబం పేరే పేరు. లైసెన్సు ఎవరికి ఉన్నదో వారి పేరు తలుపు మీద రాయాలన్న పాత నిబంధన దీనికి ఒక కారణం.

దుకాణం, పబ్బు ఒకే చోట

ఈ జంట వ్యాపారం అలంకారం కోసం పుట్టలేదు. పందొమ్మిదవ శతాబ్దపు చిన్న ఊరిలో మద్యం అమ్మి మాత్రమే ఒక కుటుంబం బతకడం కష్టం. అందుచేత కిరాణా, విత్తనాలు, ఇనుప సామాను, బూట్లు, బట్టలు అమ్మేవారు మద్యం లైసెన్సు కూడా తీసుకొనేవారు. సంత రోజున పశువులను అమ్ముకొన్న రైతు ఇంటికి కావలసినవి అక్కడే కొని, బేరం కుదిరినందుకు అక్కడే ఒక గ్లాసు తాగేవాడు. అనేక చోట్ల పబ్బు యజమానే శవపేటికలు అమ్మి అంత్యక్రియల ఏర్పాట్లు కూడా చేసేవాడు. 1846 నాటి కరోనర్ల చట్టం ప్రకారం, ఆరుబయట దొరికిన శవాన్ని విచారణ ముగిసే వరకు దగ్గరలోని పబ్బులో ఉంచేవారు. బీరు పీపాలు దాచే నేలమాళిగ చల్లగా ఉండడం దీనికి అనుకూలించింది. ఈ ఏర్పాటు 1962 వరకు కొనసాగింది.

అయితే ఈ దుకాణాలను గురించి మధురంగా మాత్రమే చెప్పడం సరికాదు. అరువు ఇచ్చేది కూడా ఆ యజమానే. పంట పోయిన ఏడాది రైతు కుటుంబాల పద్దు ఆయన పుస్తకంలో పెరుగుతూ పోయేది. ఇటువంటి వడ్డీ వ్యాపారి-దుకాణదారుని ఐర్లండులో "గాంబీన్ మాన్" అని ఏవగింపుతో పిలిచేవారు. ఇప్పటికీ రాజకీయాలలో ఇది తిట్టు మాటే.

గ్రీన్ స్ట్రీట్ లో సెయింట్ మేరీ చర్చికి ఎదురుగా ఉన్న డిక్ మాక్స్ వీటిలో ప్రసిద్ధమైనది. ఇది 1899 నుండి ఉన్నది. తలుపు తెరవగానే ఒక వైపు తోలు పని బల్ల, మరొక వైపు విస్కీ సీసాల అరలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడ బూట్లు బాగుచేసేవారు. ఇప్పుడు తోలు బెల్టులు తయారుచేస్తారు. పబ్బు ఎక్కడ అని అడిగితే చర్చి ఎదుట అనీ, చర్చి ఎక్కడ అని అడిగితే పబ్బు ఎదుట అనీ ఊరివారు చెప్పడం పాత చమత్కారం.

మెయిన్ స్ట్రీట్ లోని ఫాక్సీ జాన్స్ ఇనుప సామాను కొట్టు. మేకులు, సుత్తులు, పెయింటు డబ్బాలు ఒక పక్క, బీరు కుళాయిలు ఒక పక్క ఉంటాయి. ఐర్లండు వాడుకలో "ఫాక్సీ" అంటే ఎర్రజుట్టు గలవాడు. అదే వీధిలోని కర్రన్స్ పాత బట్టల, కిరాణా దుకాణపు పోలికలను నిలుపుకొన్నది. టోపీలు, రబ్బరు బూట్లు ఉన్న అరల మధ్య కూర్చొని తాగవలసి ఉంటుంది. మేకులు కొనడానికి వచ్చినవాడు గంట తరువాత మేకులు మరచి ఇంటికి వెళ్ళడం ఇటువంటి చోట వింత కాదు.

లోపలి ఏర్పాటు

సంప్రదాయ పబ్బులో గది చిన్నది, కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది. చెక్క కౌంటరు, ఎత్తు పీటలు, బొగ్గు లేదా పీట్ మట్టి మండే పొయ్యి ఉంటాయి. పీట్ అనేది బురద నేలల నుండి ఇటుకలుగా కోసి ఎండబెట్టిన వంటచెరకు. దాని పొగ వాసన పాత పబ్బుల గుర్తు.

కౌంటరు చివర చెక్క పలకలతో అడ్డుకట్టిన చిన్న గదిని "స్నగ్" అంటారు. దీనికి విడిగా తలుపు, మద్యం అందించడానికి కౌంటరు వైపు చిన్న కిటికీ ఉంటాయి. స్త్రీలు, మత గురువులు, పోలీసులు, అంటే పదిమందిలో కనబడి తాగకూడనివారు ఇక్కడ కూర్చొనేవారు. ఇప్పుడు పర్యాటకులు స్నగ్ దొరికితే అదృష్టంగా భావిస్తారు గాని, దాని మూలం వివక్షలో ఉన్నది. 1970ల వరకు చాలా పబ్బులు స్త్రీలకు పూర్తి పైంటు బీరు ఇవ్వడానికి నిరాకరించేవి. పాత్రికేయురాలు నెల్ మెక్ కాఫర్టీ (1944-2024) ఆ దశకంలో సుమారు ముప్పై మంది స్త్రీలతో డబ్లిన్ లోని ఒక పబ్బుకు వెళ్ళింది. అందరికీ బ్రాందీ పోయించుకొన్నాక ఒక పైంటు అడిగింది. అది ఇవ్వమన్నందుకు వారు బ్రాందీకి డబ్బు చెల్లించకుండా వచ్చేశారు. ఇటువంటి నిరాకరణను 2000 నాటి సమాన హోదా చట్టం నిషేధించింది.

ఎక్కువగా తాగేది స్టౌట్ అనే నల్లని బీరు. ఒక పైంటు 568 మిల్లీలీటర్లు. గిన్నెస్ బీరులో 1959 నుండి నైట్రోజన్ వాయువును వాడుతున్నారు. పైన మీగడవంటి నురగకు ఇదే కారణం. ముందు గ్లాసులో ముప్పాతిక వంతు పోసి, నురగ తేరుకొన్నాక మిగిలినది నింపుతారు. దీనికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. తొందరపెట్టడం మర్యాద కాదు. డింగిల్ లో 2012లో ఒక విస్కీ బట్టీ కూడా ప్రారంభమైంది.

సంగీతం

డింగిల్ పబ్బులలో రాత్రిపూట జరిగే సంగీతాన్ని "సెషన్" అంటారు. వేదిక ఉండదు. ఫిడేలు, వేణువు, బటన్ అకార్డియన్, బాంజో, బోరాన్ అనే చేతిడప్పు వంటివి పట్టుకొని కళాకారులు ఒక బల్ల చుట్టూ ఒకరికొకరు ఎదురుగా కూర్చొంటారు. శ్రోతల వైపు వీపు తిరిగి ఉన్నా పట్టించుకోరు. ఒకరు మొదలుపెట్టగానే ఆ వరుస తెలిసినవారు కలుస్తారు. పడమటి కెర్రీ ప్రాంతంలో పోల్కాలు, స్లైడులు అనే నాట్య వరుసలు ప్రత్యేకం. ఇతర ప్రాంతాలలో ఎక్కువగా వినిపించే రీలు వరుసలకంటే ఇవి కాలు కదపడానికి అనువైనవి. బ్రిడ్జ్ స్ట్రీట్ లోని ఓ'ఫ్లాహర్టీస్, మెయిన్ స్ట్రీట్ దిగువన ఉన్న అన్ డ్రోహెడ్ బ్యుగ్ (చిన్న వంతెన అని అర్థం) సంగీతానికి పేరుపొందినవి.

పబ్బులో సంగీతం అనాది ఆచారమని సాధారణంగా అనుకొంటారు. వాస్తవానికి ఇది ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగంలో వచ్చిన మార్పు. అంతకుముందు సంగీతం, నాట్యం ఇళ్ళ వంటగదులలోనూ, కూడలి రోడ్లమీదా జరిగేవి. 1935 నాటి నాట్యశాలల చట్టం బహిరంగ నాట్యానికి లైసెన్సు తప్పనిసరి చేసింది. మత గురువులు, పోలీసులు దానిని ఇళ్ళలోని నాట్యాలపై కూడా ప్రయోగించడంతో పాత పద్ధతి దెబ్బతిన్నది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత లండన్ కు వలసపోయిన ఐరిష్ కూలీలు, తమ అద్దె గదులలో చోటు లేక, అక్కడి పబ్బులలో కలిసి వాయించసాగారు. 1951లో ఏర్పడిన కోల్తస్ కోల్తోరి ఏరన్ అనే సంగీత సంస్థ నిర్వహించిన ఉత్సవాలు కూడా తోడ్పడగా, ఈ అలవాటు స్వదేశంలో వేళ్ళూనింది. "క్రాక్" అని ఐరిష్ వర్ణక్రమంలో రాసే, సరదా కబుర్లు అనే అర్థమిచ్చే మాట కూడా ఆంగ్లం, స్కాట్స్ భాషల నుండి వచ్చినదే. పాతవని తోచేవన్నీ పాతవి కావు.

2001 నుండి పట్టణంలోని సెయింట్ జేమ్స్ చర్చిలో "అదర్ వాయిసెస్" అనే టెలివిజన్ సంగీత కార్యక్రమం చిత్రీకరిస్తున్నారు. 2006లో ఏమీ వైన్ హౌస్ ఇక్కడ పాడింది. ఆ రోజులలో పబ్బులలో కూడా కచేరీలు జరుగుతాయి.

పర్యాటకం

దర్శకుడు డేవిడ్ లీన్ "రయన్స్ డాటర్" (1970) చిత్రాన్ని ఈ ద్వీపకల్పంపై తీశాడు. చిత్రీకరణ నెలల తరబడి సాగడంతో పేద ప్రాంతానికి ఆదాయం వచ్చింది, పర్యాటకులకు దారి తెలిసింది. ఆ చిత్రంలో నటించిన రాబర్ట్ మిచమ్ పేరు, తరువాత వచ్చిన జూలియా రాబర్ట్స్ వంటి వారి పేర్లు డిక్ మాక్స్ ముందు కాలిబాటపై నక్షత్రాలలో చెక్కబడి ఉన్నాయి. 1983 నుండి 2020 అక్టోబరులో కనిపించకుండా పోయే వరకు రేవులో తిరిగిన ఫంగీ అనే డాల్ఫిన్ కూడా వేలాదిమందిని రప్పించింది.

డింగిల్ కు వచ్చే దారిలో అనస్కాల్ అనే గ్రామంలో సౌత్ పోల్ ఇన్ అనే పబ్బు ఉన్నది. దీనిని నెలకొల్పిన టామ్ క్రీన్ (1877-1938) స్కాట్, షాకిల్టన్ లతో కలిసి మూడుసార్లు అంటార్కిటికా యాత్రలు చేసిన నావికుడు. ఉద్యోగం విరమించి ఊరికి వచ్చాక ఆయన తన సాహసాలను గురించి దాదాపు మాట్లాడలేదు. స్వాతంత్ర్య పోరాటం నడుస్తున్న కాలంలో బ్రిటిషు నౌకాదళంలో పనిచేసినవాడికి మౌనమే క్షేమమని కొందరు వివరిస్తారు.

మూతపడుతున్న పబ్బులు

ఐర్లండులో 2005-2021 మధ్య పబ్బుల సంఖ్య సుమారు ఐదవ వంతు తగ్గింది. తగ్గుదల పల్లెలలో ఎక్కువ. 2004 మార్చి 29 నుండి పని స్థలాలలో పొగతాగడం నిషేధించబడింది. 2011లో వాహన చోదకుల రక్తంలో మద్యం పరిమితిని 100 మిల్లీలీటర్లకు 80 నుండి 50 మిల్లీగ్రాములకు తగ్గించారు. ఈ రెండూ ప్రాణాలు కాపాడే చర్యలే. అయితే బస్సు లేని పల్లెలో ఒంటరిగా ఉండే వృద్ధ రైతుకు సాయంత్రం నలుగురిని చూసే ఏకైక చోటు దూరమైందన్న ఫిర్యాదులోనూ నిజం ఉన్నది. ప్రత్యామ్నాయ రవాణా కల్పించకుండా నియమాన్ని బిగించడం సగం పని. సూపర్ మార్కెట్లలో చౌకగా దొరికే మద్యం మరొక కారణం.

లైసెన్సు పద్ధతి కూడా పల్లెలకు వ్యతిరేకంగా పనిచేసింది. 1902 నుండి కొత్త లైసెన్సు కావాలంటే పాతది ఒకటి రద్దు కావాలి. 2000 నాటి చట్టం తరువాత ఆ పాత లైసెన్సు దేశంలో ఎక్కడిదైనా సరిపోతుంది. దానితో పల్లె పబ్బు యజమాని వారసులు లేక లైసెన్సు అమ్ముకొంటే, అది పట్టణంలోని సూపర్ మార్కెట్ మద్యం విభాగంగా తేలడం మొదలైంది. 2020 మార్చి 15న కోవిడ్ కారణంగా అన్ని పబ్బులూ మూతపడ్డాయి. భోజనం వడ్డించనివి అన్నిటికంటే ఎక్కువ కాలం మూసి ఉన్నాయి.

ఇదే కాలంలో ఐరిష్ పబ్బు ఒక ఎగుమతి సరుకు అయింది. 1990లో స్థాపించబడిన ఐరిష్ పబ్ కంపెనీ వంటి సంస్థలు కౌంటర్లు, అరలు, పాత సీసాలతో సహా మొత్తం పబ్బును తయారుచేసి ఇతర దేశాలకు పంపుతున్నాయి. వాటి నమూనాలలో పల్లె దుకాణపు పబ్బు కూడా ఒకటి. అక్కడి అరలలోని సామాను అమ్మకానికి కాదు. డింగిల్ లో మాత్రం ఫాక్సీ జాన్స్ కు వెళ్ళి మేకులు కొనవచ్చు. కాని ఇక్కడ కూడా వేసవి రాత్రులలో స్థానికులకంటే సందర్శకులే ఎక్కువ. ఊరివారు నవంబరు తరువాత తమ పీటలను తిరిగి దక్కించుకొంటారు.

సందర్శన

మద్యం కొనడానికి కనీస వయస్సు 18 సంవత్సరాలు. సాధారణ పబ్బులు సోమవారం నుండి గురువారం వరకు రాత్రి 11:30, శుక్ర, శనివారాలలో 12:30, ఆదివారం 11 గంటల వరకు మద్యం అమ్మవచ్చు. తాగడం ముగించడానికి మరొక అరగంట ఇస్తారు. 1927 నుండి గుడ్ ఫ్రైడే నాడు అమలులో ఉన్న నిషేధం 2018లో తొలగించబడింది. స్నేహితులు వంతులవారీగా అందరికీ కొనే పద్ధతిని "రౌండు" అంటారు. తన వంతు ఎగవేసినవాడిని ఊరు మరచిపోదు. ఎవరైనా వాద్యాలు ఆపి పాట అందుకొంటే గది అంతా మాటలు మాని వింటుంది. వేసవిలో కూర్చొనే చోటు కావాలంటే సంగీతం మొదలు కావడానికి గంట ముందే చేరుకోవాలి.