స్కిజోఫ్రెనియాలో పానిక్ డిజార్డర్

స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో కొందరిని, ఉన్నట్టుండి తీవ్ర భయం దాడి చేసే పానిక్ డిజార్డర్ కూడా పీడిస్తుంది. ఎందరిని అన్న విషయంలో లెక్కలు కలవవు. 2009లో పీటర్ బక్లీ, సహరచయితల సమీక్ష సుమారు 15 శాతం అంది. 2011లో అషీమ్ బృందం యాభైకి పైగా అధ్యయనాలను కలిపి లెక్కగట్టి 10 శాతానికి కాస్త తక్కువని తేల్చింది. లెక్కించిన తీరు తేటగా ఉన్నందువల్ల రెండో అంకె వైపే మొగ్గాలి. తక్కువ అంకెనే తీసుకున్నా, అమెరికా సర్వేల్లో సాధారణ ప్రజల్లో కనిపించే దానికంటే ఇది ఎక్కువే.

పానిక్ డిజార్డర్‌కు విడిగా గుర్తింపు దక్కడంలో స్కిజోఫ్రెనియా వార్డుల పాత్ర పెద్దది. ఇమిప్రమీన్ మందును 1950లలో స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ మొదట పరీక్షించింది స్కిజోఫ్రెనియా రోగుల మీదే. వారికి పెద్దగా పనిచేయలేదు గానీ, కుంగుబాటుకు మందుగా స్థిరపడింది. ఆ తర్వాత న్యూయార్క్‌లోని హిల్‌సైడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ క్లైన్, మాక్స్ ఫింక్ దీన్ని తీవ్రమైన భయంతో విలవిల్లాడుతున్న రోగులకు ఇచ్చి చూశారు. వారిలో పలువురి కేసు షీటు మీద ఉన్న పేరు స్కిజోఫ్రెనియానే. పైకి ఆందోళనలా కనిపించే స్కిజోఫ్రెనియా అన్న అర్థంలో ‘సూడోన్యూరాటిక్ స్కిజోఫ్రెనియా’ అని 1949లో హాక్, పొలాటిన్ పెట్టిన పేరు అప్పట్లో విరివిగా వాడుకలో ఉండేది. క్లైన్ తర్వాత చెప్పిన ప్రకారం, కొన్ని వారాలు మందు వాడాక కూడా ఒక రోగి తనకేమీ తగ్గలేదన్నాడు, చికిత్సకుడూ అదే మాట అన్నాడు. మార్పును పసిగట్టింది నర్సులు. చచ్చిపోతున్నానంటూ రోజూ తమ గదికి పరుగెత్తుకొచ్చే మనిషి రావడం మానేశాడని వాళ్లు గమనించారు. ఈ పరిశీలనకు కొందరు క్లైన్, ఫింక్‌ల 1962 వ్యాసాన్ని, మరికొందరు క్లైన్ 1964 వ్యాసాన్ని మూలంగా చూపుతారు. పానిక్ దాడిని నిలకడగా ఉండే ఆందోళన నుంచి విడదీసి చూపింది రెండోదే.

1980లో మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథమైన డీఎస్ఎం మూడో కూర్పు పానిక్ డిజార్డర్‌ను విడి జబ్బుగా చేర్చింది. కానీ దాడులు స్కిజోఫ్రెనియా వల్ల వచ్చేవైతే వేరుగా లెక్కించవద్దంది. 1987 సవరణలో ఆ నిబంధన సడలింది. రెండూ కలిసి ఉన్నవారి గురించిన పరిశోధన ఆ తర్వాతే ఊపందుకుంది. అంతకుముందు ఆ బాధ చాలావరకు కాగితం మీదికి ఎక్కలేదు; ఇది రోగులకు జరిగిన అన్యాయమే.

స్కిజోఫ్రెనియాలో పానిక్‌ను గుర్తించడం ఇప్పటికీ సులువు కాదు. దాడి నిమిషాల్లో తారస్థాయికి చేరుతుంది: గుండె దడ, ఊపిరాడకపోవడం, పిచ్చెక్కిపోతోందన్న భయం, చుట్టూ ఉన్నది నిజం కాదన్న భావన. ఎవరో తన గుండెను నొక్కేస్తున్నారని రోగి చెబితే అది భ్రమగానే నమోదయ్యే ప్రమాదముంది. యాంటీసైకోటిక్ మందుల వల్ల కాలు ఒకచోట నిలవని అకతీసియా వచ్చినా ఆందోళనలాగే కనిపిస్తుంది. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, మాటలు వినిపించడం ముందా దడ ముందా అని విడివిడిగా అడగడం అందుకే ముఖ్యం.

1988లో కాన్, క్లైన్ తదితరులు ఏడుగురు రోగులకు యాంటీసైకోటిక్‌కు తోడుగా ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలమ్ ఇచ్చినప్పుడు, పానిక్‌తోపాటు సైకోసిస్ లక్షణాలూ తగ్గాయని రాశారు. కొందరిలో పానిక్ దాడే సైకోసిస్‌ను రేపుతుందేమోనన్న ఊహకు ఇది ఊతమిచ్చింది. అంత చిన్న సంఖ్య మీద నిలబడిన ఊహ కాబట్టి అది ఇంకా రుజువు కాలేదనే చెప్పాలి. పైగా ఆల్ప్రజోలమ్‌కు అలవాటుపడే ముప్పుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని కొద్దిమందిపై ప్రయత్నించి చూసినవారూ ఉన్నారు. పానిక్‌కు వాడే ఎస్ఎస్ఆర్ఐ మందుల్లో ఫ్లూవోక్సమీన్‌తో ప్రత్యేక జాగ్రత్త అవసరం. అది స్కిజోఫ్రెనియాకు వాడే క్లోజపీన్‌ను కాలేయంలో విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుని, రక్తంలో క్లోజపీన్ స్థాయిని కొన్ని రెట్లు పెంచగలదు.