ఈ ఫారం కాస్త నింపి పెడతావా, బాబూ?

రైలు టికెట్ కొనడం మనవాళ్లకు ఎప్పుడూ ఒక్కరితో తెమిలే పని కాదు. రిజర్వేషన్ ఆఫీసులో ఫారం చేతికి రాగానే పెద్దావిడ పెన్నున్న కుర్రాడి కోసం చూస్తుంది. అతను పేరు, వయసు రాస్తూ "బండి నంబరెంత పిన్నిగారూ?" అంటాడు. నంబరు ఆవిడకు తెలియదు. "గోదావరి నిండిపోయుంటుందమ్మా, గౌతమి రాయించుకోండి" అని వెనకనున్నాయన అందుకుంటాడు. ఎవరూ జీతమిచ్చి పెట్టని ఈ సలహాదారు, టికెట్ రూపం మారినప్పుడల్లా వేషం మార్చుకుని మళ్లీ వచ్చాడు.

టికెట్ కథ 1836లో, ఇంగ్లండ్‌లో మిల్టన్ అనే చిన్న స్టేషన్‌లో మొదలవుతుంది. అక్కడికి స్టేషన్ మాస్టరుగా వచ్చిన థామస్ ఎడ్మండ్సన్ అసలు బల్లలు, బీరువాలు చేసే పనివాడు. వ్యాపారం పెట్టి దివాలా తీసి, బతుకు తెరువు కోసం రైల్వేలో చేరాడు. అప్పటికి గుర్రపుబండ్ల నాటి పద్ధతే రైలుకూ నడుస్తోంది. ఎవరెక్కడికి వెళ్తున్నారో చేత్తో కాగితం మీద రాసివ్వాలి. జనం పదిమంది దాటితే చెయ్యి నొప్పి. పైగా గుమస్తా ఎందరికి రాశాడో, ఎంత పుచ్చుకున్నాడో కంపెనీకి తేలేది కాదు.

ఎడ్మండ్సన్ అట్టను చిన్న ముక్కలుగా కోసి, చేరాల్సిన ఊరు, వరస నంబరు ముందే అచ్చు వేయించాడు. 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే. వాటిని నిలువు గొట్టంలో పేర్చి ఒక్కొక్కటే లాగి ఇవ్వడం, ఇచ్చే ముందు చిన్న ప్రెస్సులో దూర్చి తేదీ కొట్టడం. సాయంత్రం గొట్టంలో మిగిలిన టికెట్ నంబరు చూస్తే చాలు, అమ్మినవెన్నో రాబడి ఎంతో తెలిసిపోతుంది. కంపెనీలు ముచ్చటపడ్డాయి. మైలుకు ఏడాదికి 10 షిల్లింగుల చొప్పున ఆయనకు కట్టి మరీ వాడుకున్నాయి. బ్రిటిష్ రైల్వే ఆ అట్టల్ని 1990 దాకా వదల్లేదు. మన స్టేషన్లలోనూ కిటికీ వెనక నుంచి వచ్చే ఆ టక్కుమనే చప్పుడు, వేలెడంత అట్ట, దాని మీద తడిమితే తగిలే తేదీ నడివయసు దాటినవాళ్లందరికీ గుర్తే.

అయితే ఆ అట్ట బండెక్కే హక్కు మాత్రమే ఇచ్చేది. కూర్చునే చోటు వేరే సంగతి. 1917 సెప్టెంబరులో గాంధీజీ బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతిలో వెళ్లారు. టికెట్ 13 రూపాయల 9 అణాలు. పెట్టె మీద 22 మందికని రాసుంది. రాయచూరు చేరేసరికి తోపులాట భరించలేనంతగా పెరిగిందని ఆయన తర్వాత రాశారు. ఏ పెట్టెలో ఎక్కాలి, ఎక్కడ జనం దిగుతారు అని ఎరిగినవాణ్ని అడగడం ఆ రోజుల్లో ప్రయాణంలో భాగమే అయ్యుంటుంది.

రిజర్వేషన్ వచ్చాక అడగాల్సినవి తగ్గలేదు సరికదా, పెరిగాయి. కంప్యూటర్లకు ముందు రిజర్వేషనంటే రిజిస్టరు. ఒక్కో బండికి, ఒక్కో తేదీకి వేరే పేజీ. ఏ బండి ఏ కిటికీ దగ్గరో ముందే కనుక్కోవాలి. పొరపాటున పక్క బండి క్యూలో నిలబడితే ఆ పూటంతా వృథా. తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే అవతలి స్టేషనుకు టెలిగ్రాం కొట్టి, జవాబు కోసం కాచుకోవాలి. మధ్య స్టేషన్లకు రెండో మూడో బెర్తుల కోటా ఉండేది. అది ఇంకా మిగిలుందో లేదో రిజిస్టరు పట్టుకున్న గుమస్తాకే ఎరుక. అందుకే ఊళ్లో రైల్వే ఉద్యోగి ఇంటికి అంత మర్యాద. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక పురోహితుడి తర్వాత కబురు వెళ్లేది ఆయనకే.

1985లో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ప్రయోగాత్మకంగా మొదలైంది. ఏ కిటికీ దగ్గరైనా ఏ బండికైనా టికెట్ అన్నది అప్పట్లో అద్భుతమే. కానీ ఏ నగరం కంప్యూటరు ఆ నగరానిదే. వాటిని కలపడానికి తయారుచేసిన ‘కన్సర్ట్’ అనే కొత్త వ్యవస్థ 1994 సెప్టెంబరులో తొలిసారిగా పనిలోకి దిగింది మన సికింద్రాబాద్‌లోనే. ఢిల్లీ, కలకత్తా, ముంబయి, చెన్నైలతో కలిపి అయిదు కేంద్రాలూ 1999కల్లా ముడిపడ్డాయి. టెలిగ్రాం పని అక్కడితో సరి.

2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో అమ్మకం మొదలుపెట్టింది. తమాషా ఏమిటంటే, టికెట్ కంప్యూటర్లో కొన్నా అసలు కాగితం కొరియర్లో ఇంటికి రావాలి. తీరా కొరియర్ అబ్బాయి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటే అదో బెంగ. ఇంట్లోనే ముద్రించుకునే ఈ-టికెట్ 2005లో గానీ రాలేదు.

అట్ట వచ్చింది గుమస్తా లెక్క కోసం. కంప్యూటర్ వచ్చాక బెర్తులు గుమస్తా గుప్పిట్లోంచి జారాయి. ప్రయాణికుడి సందేహం తీర్చాలని పనిగట్టుకుని కనిపెట్టిన యంత్రం మాత్రం నాకీ చరిత్రలో కనిపించదు. అందుకే క్యూలో వెనకనున్నాయన ఇప్పుడు ఫోన్లో ఉన్నాడు.

అతన్ని అడిగే ప్రశ్నలు మాత్రం బాగా ముదిరాయి. వెయిటింగ్ లిస్టులోనే రకాలున్నాయి. బండి బయల్దేరే చోటి నుంచి కొంటే సాధారణంగా జీఎన్‌డబ్ల్యూఎల్. మధ్యలోని పెద్ద స్టేషన్ నుంచయితే ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్. మొదటిదానికి బెర్తులు ఎక్కువ కాబట్టి ఖాయమయ్యే ఆశ ఎక్కువ. దాన్నుంచే పుట్టింది అందరూ చెప్పే కిటుకు: బయల్దేరే స్టేషన్ నుంచి కొని, ఎక్కే స్టేషన్ మార్చుకో. ఛార్జీ కొంత ఎక్కువవుతుంది. మార్చుకున్నాక మొదటి స్టేషన్లో ఎక్కే హక్కు పోతుంది. ఈ రెండో ముక్క చాలామంది సలహాదారులు చెప్పరు.

ఇక డబ్బుల గొడవ. ఖాతాలోంచి సొమ్ము పోయింది, టికెట్ రాలేదు. మళ్లీ కట్టాలా, ఆగాలా? సొమ్ము తిరిగొస్తుంది గానీ ఆ నిమిషంలో ఆ మాట చెప్పే మనిషి కావాలి. 1997 డిసెంబరులో వచ్చిన తత్కాల్‌కైతే నిమిషమే ముఖ్యం. అమ్మకం ఏసీకి పొద్దున 10కి, స్లీపర్‌కు 11కి తెరుచుకుంటుంది. ఆధార్‌తో సరిచూసిన ఐఆర్‌సీటీసీ ఖాతాకే తత్కాల్ ఇవ్వాలని 2025 జులై నుంచి నిబంధన పెట్టారు. మొదటి అరగంట ఏజెంట్లకు తలుపు మూశారు. దాంతో అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల ఖాతాకు ఆధార్ ఎలా కలపాలో రాత్రి మేలుకుని ఫోన్లో చెప్పాల్సి వస్తోంది.

ఇంత మారినా కుక్క దగ్గర కథ పాతదే. పెంపుడు కుక్కను వెంట తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపేయో కేబినో మొత్తం మనదై ఉండాలి. లేదంటే గార్డు పెట్టెలోని కుక్కల గూట్లో వెయ్యాలి. రెండింటికీ ముందుగా పార్సెల్ ఆఫీసులో బుక్ చేయించాలి. అక్కడ కిటికీ ముందు కుక్కను పట్టుకుని నిలబడ్డవాణ్ని చూస్తే, పక్కన బస్తాలు తూకం వేయించుకుంటున్నవాళ్లంతా తలా ఒక సలహా చెబుతారు. ఫస్ట్ ఏసీలో కూపే ఇచ్చారో నాలుగు బెర్తుల కేబిన్ ఇచ్చారో చార్ట్ తయారయ్యేదాకా తెలియదని కూడా చెప్పేది వాళ్లే.