సారెలో వెళ్లిన బాకు

కూతురిని అత్తవారింటికి పంపుతూ సారె పెట్టడం మన దగ్గరే ఉందనుకుంటాం. సుమారు 3400 ఏళ్ల కిందట మితన్ని రాజు తుష్రత్త తన కూతురు తదుహెపను ఈజిప్టు రాజు మూడవ అమెన్‌హోటెప్‌కి ఇచ్చి చేసినప్పుడు పంపిన సామాను జాబితా మట్టి పలక మీద నేటికీ ఉంది. గుర్రాలు, రథం, నగలు, బట్టలు... వాటి మధ్య బంగారంతో అలంకరించిన ఒక బాకు. దాని అలుగు ఇనుముది.

ఇనుములో ఏముంది, మన అట్లపెనం కూడా ఇనుమే కదా అంటారేమో! ఆ రోజుల్లో ఈజిప్టులో కత్తులంటే రాగివి, కంచువి. రాయి కరిగించి ఇనుము తీసే విద్య ఇంకా వాళ్లకి అలవడలేదు.

ఆ అమెన్‌హోటెప్ మనవడే టుటన్‌ఖామెన్. ఇరవై నిండకుండానే పోయాడు పాపం. 1922లో హోవార్డ్ కార్టర్ అతని సమాధి కనుక్కున్నాడు. 1925లో మమ్మీకి చుట్టిన గుడ్డలు విప్పితే రెండు బాకులు బయటపడ్డాయి. ఒకటి బంగారు అలుగుది, రెండోది కుడి తొడ దగ్గర, ఇనుముది.

2016లో ఇటలీ, ఈజిప్టు పరిశోధకులు దాన్ని గీయకుండా, కోయకుండా ఎక్స్‌రేలతో పరీక్షించారు. నికెల్ దాదాపు 11 శాతం, కాస్త కోబాల్ట్ ఉన్నాయి. అంటే ఆకాశం నుంచి రాలిన ఉల్క ఇనుము. నికెల్ ఒక్కటే చూస్తే చాలదు సుమా, మన స్టీలు గిన్నెల్లోనూ అది ఉంటుంది. 2022లో జపాన్ వాళ్లు అలుగు మీద తడిక అల్లినట్టున్న గీతలు పసిగట్టారు. ఉల్క లోహం లక్షల ఏళ్లపాటు నెమ్మదిగా చల్లారితేనే ఆ అల్లిక వస్తుంది, బాగా కాలిస్తే చెరిగిపోతుంది. కనుక ఆ కమ్మరి ఎవరో గాని, తక్కువ వేడి మీద ఓపిగ్గా సాగగొట్టాడన్నమాట.

పిడిలో సున్నం ఆనవాళ్లు కూడా దొరికాయి. ఆ కాలపు ఈజిప్టులో సున్నం వాడకం లేదని, కాబట్టి బాకు బయటి నుంచి వచ్చిందని వాళ్ల ఊహ. సారెలోదే తాతగారి నుంచి మనవడికి దక్కిందా? రుజువు లేదు. నాకైతే నమ్మాలనే ఉంది.

తదుహెప సంగతి చెప్పలేదు కదూ. పెళ్లయిన కొద్దికాలానికే ఆ ముసలి రాజు పోయాడు. ఆమెని అతని కొడుకు అఖెనాతెన్‌కి భార్యని చేశారు. ఇక తుష్రత్త ఉత్తరాల నిండా దెబ్బలాటే. పెద్దాయన గట్టి బంగారు విగ్రహాలు ఇస్తానన్నాడట, కొడుకేమో చెక్కబొమ్మలకి బంగారు పూత పూసి పంపాడట. ఆ గోడు వెళ్లబోసుకుంటూ పెద్దరాణి తియెకి కూడా ఉత్తరం రాశాడు. మొన్నటిదాకా తదుహెపకి సవతి, ఇప్పుడు అత్తగారు, ఆవిడే!