తెలుగు ఒత్తులూ ఉమ్మడి లైబ్రరీలూ

నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం పేరును కంప్యూటర్ పది యూనికోడ్ సంకేతాలుగా దాచుకుంటుంది. షకారం కింద ణకారాన్ని, టకారం కింద నకారాన్ని ఒత్తులుగా కూర్చి, ఫాంటులోని నియమాల ప్రకారం తెరపై చదవదగిన రూపమిచ్చేది ‘షేపింగ్ ఇంజిన్’ అనే కోడ్ భాగం. ఈ భాగాన్ని ప్రతి ప్రోగ్రామూ తన వెంట తెచ్చుకోవాలా, లేక వ్యవస్థలో ఒకేచోట ఉండి అన్ని ప్రోగ్రాములకూ పనికొచ్చే ఉమ్మడి లైబ్రరీపై ఆధారపడాలా అన్న ప్రశ్నకు లినక్స్‌లో తెలుగు చరిత్ర పలు జవాబులను చూసింది.

1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కినా, తరువాత చాలాకాలం తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత సంకేతాలతో సొంత ఫాంటులనే పాఠకులకు అందించాయి. ఫాంటు లేనిచోట వార్త అర్థంలేని గుర్తుల వరుసగా మిగిలేది. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేందుకు ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే అనుబంధం అవసరమైంది.

కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంటులు స్వేచ్ఛా లైసెన్సుతో డెబియన్ అనే లినక్స్ పంపిణీలో చేరడంతో ఫాంటుల కొరత కొంత తీరింది. ఇంజిన్లు మాత్రం ఒకటి కాలేదు: గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు పాంగో లైబ్రరీని, కేడీఈ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు క్యూటీ లైబ్రరీలోని కోడ్‌ను, ఓపెన్ఆఫీస్ ఐసీయూ లైబ్రరీని వాడినందువల్ల ఒకచోట సరిచేసిన ఒత్తు మరోచోట తప్పుగానే ఉండగలిగేది. కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలపై నడిచే భాషకు ఇది మోయలేని భారం. హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని 2012లో పాంగో, 2013లో ఓపెన్ఆఫీస్ నుంచి చీలిన లిబ్రేఆఫీస్ (లినక్స్‌లో) స్వీకరించాక ఆ భారం తగ్గింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ కూడా దానినే వాడుతున్నా, తమ ప్రతిని తామే లోపల పెట్టుకుంటాయి.

ఇలాంటి లోపలి ప్రతులను డెబియన్ విధానం నిరుత్సాహపరచడానికి కారణం ఛాందసం కాదు. 2002లో జెడ్‌లిబ్ అనే కుదింపు లైబ్రరీలో భద్రతాలోపం బయటపడినప్పుడు, ఉమ్మడి ప్రతిని వాడే ప్రోగ్రాములకు ఒక్క మార్పు సరిపోగా, దానిని తమలో కలుపుకున్నవాటిని వెదికి ఒక్కొక్కటిగా తిరిగి నిర్మించవలసి వచ్చింది. అయితే ఉమ్మడితనానికి మరో ముఖం కూడా ఉంది: 2018 ఫిబ్రవరిలో, లినక్స్ కాని ఐఫోన్‌లో, ‘జ్ఞా’కు చెందిన ఒక సంకేతాల వరుస కనిపించగానే పలు యాప్‌లు కూలిపోయాయి, లోపం వ్యవస్థ కోడ్‌లో ఉండడమే అందుకు కారణం, అదే నెల 19న వెలువడిన ఐఓఎస్ 11.2.6 దానిని సరిదిద్దింది.

లినక్స్ ప్రోగ్రాములను పంపిణీ చేసే ఇటీవలి పద్ధతి ఫ్లాట్‌ప్యాక్ ఉమ్మడి ప్రతికీ లోపలి ప్రతికీ నడుమ నిలుస్తుంది: ఫాంటులను ఆతిథ్య వ్యవస్థ నుంచి తీసుకుంటూనే, ప్రధాన లైబ్రరీలను ‘రన్‌టైమ్’ అనే ఉమ్మడి మూట నుంచి తెచ్చుకుంటుంది, అందులో లేనివాటిని మాత్రమే ప్రోగ్రాము తనతో తెస్తుంది.